మిగిలిన ముప్ఫై ఎనిమిది

గురువారం నలభై గుడ్లు పగలగొడతాను.
తెల్లసొనకి పని సిద్ధంగా ఉంటుంది.
పంచదార తాగి, నురగై, కొమ్ములు మొలిచి,
సన్న సెగ మీద రెండు గంటలు ఓపిగ్గా ఎండి
గాజు జాడీలోకి ఎక్కుతుంది.
మా ప్లోవ్దివ్‌లో వాటిని ముద్దులంటారు.
"నాలుగు ముద్దులివ్వమ్మా స్తోయ్కా" అని
ఎనభయ్యేళ్ళ పెద్దమనిషి అడిగినా
ఎవరూ నవ్వరు.
పొట్లం కట్టి ఇస్తాను. చిల్లర లెక్కపెడతాను.

పచ్చసొనకే దిక్కు లేదు.
ఎనామెల్ గిన్నెలో నలభై కళ్ళు,
రెప్పల్లేనివి,
మా సంగతేంటని నన్నే చూస్తుంటాయి.

పారబోయడానికి చేతులు రావు.
మా అత్త యుద్ధం రోజుల్లో పుట్టిన మనిషి,
పెంకు లోపల కూడా వేలు పెట్టి తుడిచేది.
ఆవిడ పోయి ఆరేళ్ళయినా
నా చూపుడువేలు ఇప్పటికీ ఆవిడ మాటే వింటుంది.

కస్టర్డ్ కాచాను.
మూడో రోజు గిన్నె చూడగానే మా ఆయన
చెప్పులేసుకుని బయటికి పోయాడు.
మయొనైజ్ చేస్తే అది విరిగింది,
నేను విరగలేదు, మళ్ళీ చేశాను.
ఓ డజను ఉప్పులో పాతిపెట్టాను,
వారానికి పాత తేనె రంగు గవ్వల్లా గట్టిపడితే
సూప్ మీద తురిమాను.
ఫ్రీజర్లో దాచాను ఒకసారి,
ఉప్పో చక్కెరో కలిపి పెట్టాలని తెలీక;
బయటికి తీస్తే బంక.
తలకి పట్టిస్తే జుట్టు మెరుస్తుందంది పక్కింటి దోన్కా.
మెరిసేదేమో.
వేడినీళ్ళు పోసుకున్నాను, నెత్తి మీద ఆమ్లెట్ అయింది.

పోయిన చలికాలం పై వాటాలోకి
వెలీచ్కో అద్దెకి దిగాడు.
చర్చి పటాలకి రంగు రాలినచోట రంగు వేసే మనిషి.
వేళ్ళకెప్పుడూ కావి. మాట తక్కువ.
గిన్నె చూసి "రెండు ఇస్తావా" అన్నాడు.
రొట్టెలోకి కాబోలనుకున్నాను.

సొనని అరచేతిలో పోసుకుని
ఈ చేతినుంచి ఆ చేతికి
ఆ చేతినుంచి ఈ చేతికి దొర్లించి,
తడారాక రెండు వేళ్ళతో ఎత్తాడు
నిద్రపోతున్న పసిదాని చెవి పట్టుకున్నట్టు.
కింద సూదితో పొడిచాడు.
పసుపంతా గ్లాసులోకి జారిపోయి
వేళ్ళ మధ్య ఖాళీ తిత్తి మిగిలింది,
ఉల్లిపొరకన్నా పల్చన.
ఇరవయ్యేడేళ్ళుగా గుడ్లు కొడుతున్నాను,
సొనకి చర్మం ఉందని
ఆరోజే చూశాను.

కాస్త వెనిగర్, కాస్త నీళ్ళు, మట్టి రంగు.
ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులవి.
"గుడ్డు ముట్టకూడదుగా" అన్నాను.
"తినకూడదు" అన్నాడు, కుంచె ముంచుతూ.

పండగ వెళ్ళాక చర్చికి వెళ్ళాను.
సెయింట్ మరీనా ఎడమ బుగ్గ మీద
పగులు పూడిన చోటు నాకు తెలుసు.
అది నా గురువారం.
ఒక్కొక్కరే వంగి
పటానికి ముద్దు పెట్టి పక్కకి తప్పుకుంటున్నారు.
బస్సు డ్రైవరు, కొత్త కోడలు, బడిపిల్లలు,
డబ్బులివ్వకుండా ముద్దులు పెట్టేస్తున్నారు.
నా వంతొచ్చింది.
గుడ్డు వాసనొస్తుందేమోనని
ముందు ముక్కు దగ్గర పెట్టాను.
మైనం. ఎవరిదో లిప్‌స్టిక్.
వెనకాల ముసలమ్మ గొణిగింది,
"కానీ అమ్మా, కాళ్ళు లాగుతున్నాయి."

నలభైలో రెండు అలా పోతాయి ఇప్పుడు.
మిగతావాటికి ఈ రాత్రి పిండి కలిపాను.
ఒక్క చుక్క నీళ్ళు పొయ్యలేదు.
పల్చగా వత్తి, సన్నగా కోసి,
కుర్చీల వీపుల మీద, బీరువా తలుపు మీద,
మా ఆయన గొడుగు తెరిచి దాని మీద
నూడుల్స్ ఆరేశాను.
వంటింట్లో దీపం తీసేసినా
ఏదో పచ్చగా కనిపిస్తూనే ఉంది.

పొద్దున్నే ఆయన లేచి
కూర్చోడానికి చోటు వెతుక్కుంటాడు.